బోణి మెడలో తులసిపూసలు

పడవ మీద కాపురం పెడదామని మా ఆయన అన్నరోజు నేను చేతిలోని చేట కింద పెట్టి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాను. బళ్ళారి కౌల్ బజారులో మూడు తరాలుగా కిరాణా అంగడి నడిపిన ఇంటి మనిషి మాట్లాడే మాటేనా అది? కానీ విరూపాక్షయ్య అనే ఆ మహానుభావుడి బుర్రలోకి ఒకటి దూరిందంటే ఇక అంతే. తుంగభద్రకు ఆనకట్ట కట్టి నాలుగేళ్ళయింది. నీళ్ళు నిండి పాత దారులన్నీ మునిగిపోయాయి. మెట్టకు తరలించిన కొత్త ఊళ్ళవాళ్ళకు ఉప్పు కావాలన్నా అగ్గిపెట్టె కావాలన్నా చుట్టూ తిరిగి హోస్పేటకు పోవాలి. వాళ్ళు అంగడికి రాలేకపోతే అంగడే వాళ్ళ దగ్గరికి పోతుంది అన్నాడాయన. నలుగురు అన్నదమ్ములకు ఆ బజారు అంగడి చాలడం లేదని నాకూ తెలుసు. ఆ మాట ఆయన పైకి అనలేదు, నేనూ అడగలేదు.

కాకినాడ వైపు నుంచి వచ్చిన వడ్రంగి ఒకాయన హోస్పేట దగ్గర గట్టున కూర్చుని ఆ పడవ కట్టాడు. నడుమ ఒక రేకుల గది, దాని ముందు తెరచాప కొయ్య. గదిలో సగం అంగడి, సగం మేము. వెనక వంట, ముందు నా తులసి కుండీ. చుక్కాని పట్టడం, గాలి చూసి చాప తిప్పడం ఆ వడ్రంగే మా ఆయనకు నేర్పి వెళ్ళాడు. మొదటి నెలలో మూడుసార్లు బురదలో ఇరుక్కున్నాం. నాలుగోసారి ఇరుక్కున్నప్పుడు ఈయన తప్పంతా గాలి మీద వేశాడు. తప్పెవరిదో నాకు తెలుసు గనక ఊరుకున్నాను.

నేను ఒక్క షరతు మీద ఒప్పుకున్నాను. పడవ మీదికి నీచు ఎక్కకూడదు. మేము శెట్లం, ఇంట్లో గుడ్డు పేరు కూడా ఎత్తం. మా బేరమేమో చేపలు పట్టేవాళ్ళతో. అందుకని ఒక ఏర్పాటు చేశాను. వాళ్ళు పుట్టి వేసుకుని మా పడవ పక్కకు వస్తారు. వెదురు అల్లి తోలు తొడిగిన ఆ గుండ్రటి తొట్టిలో నిలబడి కేకేస్తారు. నేను తాడు కట్టిన బుట్ట కిందికి దించుతాను. వాళ్ళు అందులో డబ్బులో, జొన్నలో, వేరుశనక్కాయలో వేస్తారు. పైకి లాగి, సరుకు పెట్టి, కొసరుగా గుప్పెడు బొరుగులు పోసి మళ్ళీ దించుతాను. చేప మాత్రం ఆ బుట్టలో పడకూడదు. శెట్టమ్మ బుట్టకు కూడా మడి ఉందని వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, నాకేం?

అలా రెండేళ్ళు బాగానే నడిచింది. నీళ్ళ మీద ఉండటం మొదట్లో కడుపులో తిప్పినట్టుండేది, తర్వాత అలవాటైంది. తెరచాప కొయ్య కొసన ఒక నీటికాకి రోజూ వచ్చి రెక్కలు ఆరబెట్టుకునేది. దానితో నేను మాట్లాడుతుంటే మా ఆయన విని, "నాతో ఇంత మర్యాదగా ఎప్పుడన్నా మాట్లాడినావా పంకజా" అనేవాడు.

మూడో ఏడు కార్తీకం వెళ్ళిన కొత్తలో ఒక పొద్దున దుర్గక్క పుట్టి వచ్చి మా పడవకు ఆనుకుంది. దుర్గక్కది చోరనూరు పక్క ఒక పల్లె. ఆనకట్ట పనికి మొగుడితో కలిసి కూలికి వచ్చింది. పని అయిపోయింది, మొగుడూ పోయాడు. ఆమె మాత్రం ఇక్కడే గట్టున గుడిసె వేసుకుని, ఎవరినో అడిగి వల వేయడం నేర్చుకుంది. మాట తక్కువ మనిషి. ఆరోజు అసలే తక్కువగా ఉంది.

"సావుకారప్పా, నీరునాయి ఒకటి నా వలలో పడి సచ్చిపాయ" అంది మా ఆయనతో. "దీని పిల్ల బతికుండాది. మావోళ్ళు చూస్తే కొట్టేస్తారు, వలలు కొరుకుతాయని. నాకు చేతులు రాల్యా. నువ్వు పెట్టుకో అప్పా."

మేము నీటికుక్క అనేదాన్నే ఇక్కడ నీరునాయి అంటారు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన బుట్ట దించేశాడు, లాగేశాడు. బుట్ట అడుగున పాత గుడ్డలో చుట్టిన ఒక బూడిదరంగు ముద్ద, కళ్ళు ఇంకా సరిగా విడలేదు. కుయ్యి కుయ్యిమంటోంది. కంపు కూడా కొడుతోంది.

"షరతు ఏమైంది?" అన్నాను.

"నీచు ఎక్కకూడదంటివి. ఇది నీచు కాదే, ప్రాణం" అన్నాడు.

రేపు దించేయాలి అన్నాను. ఆ రేపు రాలేదు. దీపానికని చేసి పెట్టుకున్న వత్తిని ఆవుపాలలో ముంచి నోటికి అందిస్తే, రెండు ముందుకాళ్ళతో నా వేలు పట్టుకుని జుర్రింది. అంతే, నా పని అయిపోయింది. ఆరోజు ఇంకా ఎవరికీ ఏమీ అమ్మకముందే బుట్టలో వచ్చిందని మా ఆయన దానికి బోణి అని పేరు పెట్టాడు. పది రోజులు తిరిగేసరికి అది కాస్తా నా నోట వాడు అయిపోయాడు.

వాడు బెల్లం బస్తా మీద తప్ప పడుకునేవాడు కాదు. బుట్ట తాడు చప్పుడైతే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి బుట్టలో కూర్చునేవాడు. బేరానికి వచ్చినవాళ్ళకు ముందు బోణి దిగేవాడు, తర్వాత సరుకు దిగేది. ఒక వక్క ఇస్తే వెల్లకిలా పడుకుని రెండు చేతుల మధ్య గంటసేపు ఎగరేసి పట్టేవాడు. నేను నీళ్ళు తోడుతుంటే పక్కనే ఈదేవాడు, చీర కొంగు పట్టి లాగేవాడు. నాకు పిల్లలు లేరని జాలిపడే వాళ్ళందరూ గుర్తొచ్చి, ఒక్కసారి వచ్చి చూసిపోతే బాగుండుననిపించేది. పాలు అయ్యాయి, రాగిజావ అయింది, తర్వాత పెరుగన్నం. మెత్తగా పిసికి పెడితే తినేవాడు.

శివరాత్రి వెళ్ళిన నాలుగోరోజో ఐదోరోజో నేను తలస్నానం చేసి తడిచీరతో తులసి దగ్గర కూర్చున్నాను. బోణి నీళ్ళలోంచి పైకి పాకి, గబగబా వచ్చి నా ఒళ్ళో ఏదో పడేశాడు. వేలెడు చేప. ఇంకా కొట్టుకుంటోంది. పడేసి, వెనక్కి జరిగి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

నేను చేతికందిన చెక్క గరిటెతో ఒక్కటేశాను. చేపను నీళ్ళలోకి విసిరేసి, మళ్ళీ తలస్నానం చేసి, చీర మార్చుకుని, పూజ మొదటినుంచి చేశాను.

మా ఆయన తెరచాప కొయ్య దగ్గర్నుంచి అంతా చూశాడు. "వాడు తినల్యా కదే. తెచ్చి నీకిచ్చినాడు" అన్నాడు.

"తెచ్చినా తప్పే" అన్నాను.

మర్నాడు మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ కొట్టాను. మూడోరోజు తెచ్చినప్పుడు మూతి మీదే పడింది దెబ్బ. వాడు అరవలేదు. గదిలోకి పోయి బెల్లం బస్తా వెనక దూరాడు. ఆ తర్వాత వాడు చేప జోలికి పోలేదు. నీళ్ళలోకి దిగినా చేపలగుంపు ఎదురొస్తే ఆగి, తల పైకెత్తి, నేనెక్కడున్నానో చూసేవాడు. నేను కనబడితే పక్కకు తప్పుకునేవాడు. బుద్ధి వచ్చింది అనుకున్నాను. అనుకోవడమేమిటి, గర్వపడ్డాను. శెట్టి ఇంట్లో పెరిగితే నీటికుక్క అయినా శెట్టి కావలసిందేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఏకాదశినాడు వాడికి అన్నం కూడా పెట్టేదాన్ని కాదు, పాలు మాత్రమే.

ఉగాదికి మా ఆడపడుచు రాజలక్ష్మి కౌల్ బజారు నుంచి చూడ్డానికి వచ్చింది. పడవ ఊగితే భయమని రేకుల గదిలో నుంచి కదలకుండానే అంతా చూసింది. బోణి పెరుగన్నం తిని, మూతి తుడిపించుకుని, వక్కతో ఆడుకోవడం చూసి ఆమె చెంపలు వేసుకుంది.

"వదినా, పోయిన జన్మలో ఏ మహాత్ముడో" అంది. తన చేతిసంచిలోంచి ఒక తులసిపూసల దండ తీసింది. మంత్రాలయం నుంచి తెచ్చుకున్నదట. రెండు పేటలుగా మడిచి బోణి మెడలో వేసింది. వాడు కాసేపు కాలితో గీరుకుని తర్వాత ఊరుకున్నాడు. బజారులో ఆమె ఊరుకుంటుందా? నెల తిరిగేసరికి హోస్పేట నుంచి బండి కట్టించుకుని మరీ వచ్చారు జనం, తులసిదండ వేసుకున్న నీరునాయిని చూడ్డానికి. ఒకాయన వాడికి దండం కూడా పెట్టాడు. బేరం పెరిగింది. నేను అందరికీ కొసరు రెండు గుప్పెళ్ళు పోశాను.

వైశాఖంలో ఎండలకు నీళ్ళు బాగా వెనక్కి పోయి, మునిగిన పొలాల గట్లు బయటపడ్డాయి. బోణి ఒంటి మీద మెరుపు తగ్గింది. ఇదివరకు నీళ్ళలోంచి వస్తే ఒకసారి విదిలించుకుంటే చాలు, ఒళ్ళు పొడిగా అయ్యేది. ఇప్పుడు తడి చర్మందాకా దిగి, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా వణికేవాడు. వక్క ఇస్తే ఒకసారి ఎగరేసి, జారిపోతే మళ్ళీ తీసుకునేవాడు కాదు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పోశాను. దిష్టి అనుకుని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. అన్నంలో నెయ్యి పెంచాను.

దుర్గక్క ఒకరోజు ఉప్పుకు వచ్చింది. బుట్టతోపాటు వాడు దిగలేదేమని అడిగి, పుట్టిలోనే మునివేళ్ళ మీద లేచి పైకి తొంగిచూసింది. చాలాసేపు చూసింది.

"శెట్టమ్మా, తప్పు పట్టుకోవద్దు. నువ్వు వానికి కూడు పెడతాండావు, తిండి పెట్టడంల్యా" అంది.

"నెయ్యి వేసి పెడుతున్నాను" అన్నాను.

"నెయ్యి వాడేం చేసుకుంటాడమ్మా. నీళ్ళలో పుట్టినోడు. వానికి చేప బేకు, చేపే కావాల, అంతే."

"అది తినే పిల్ల అయితే ముందే తినేది. వాడు మానుకున్నాడు."

"వాడు మానల్యా. నువ్వు మాన్పిచ్చినావు."

నా మొహం మండిపోయింది. రోజూ పట్టి చంపేదానివి నువ్వు, నాకు ధర్మం చెబుతావా అన్నాను. వీడి తల్లిని చంపింది ఎవరి వల అని కూడా అన్నాను. అనకూడని మాట. దుర్గక్క ఉప్పు తీసుకోకుండానే తెడ్డు వేసుకుని వెళ్ళిపోయింది. నెల దాటినా మళ్ళీ మా పడవ వైపు రాలేదు. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం మా కాపురంలో అదే మొదటిసారి.

తొలి ఏకాదశి వచ్చింది. పడమటి గాలి జోరుగా వీస్తోంది, నీళ్ళు ఎర్రబడి కొంచెం కొంచెంగా పెరుగుతున్నాయి. నేను ఉపవాసం ఉండి తులసి దగ్గర దీపం పెట్టి లేచేసరికి గదిలో ఏదో తన్నుకుంటున్న చప్పుడైంది. బోణి బెల్లం బస్తా మీదినుంచి కింద పడ్డాడు. ఒళ్ళంతా కొయ్యబారి, మెడ వెనక్కి వాలి, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి పాలు నురగగా వచ్చాయి. ఒళ్ళోకి తీసుకున్నాను. ఎముకలు చేతికి తగిలాయి. కొంతసేపటికి తేరుకున్నాడు గానీ వెనక కాళ్ళు ఆడటం లేదు.

"నేను పోయి చేపలు తెస్తా. నువ్వు కండ్లు మూసుకో" అన్నాడు మా ఆయన.

"వద్దు. షరతు పెట్టింది నేను" అన్నాను. "చాప ఎత్తండి. దుర్గక్క దగ్గరికి పోదాం."

ఆయన మారుమాట లేకుండా చాప ఎత్తాడు. ఆ గాలికి ఎంతోసేపు పట్టలేదు. దారిలో వాడికి ఇంకోసారి మూర్ఛ వచ్చింది. నేను దేవుణ్ణి ఏమని వేడుకోవాలో తెలియక ఊరికే కూర్చున్నాను. బతికించు అందామంటే, దానికి ఏం చేయాలో నాకు తెలిసే ఉంది. తెలిసి కూడా దేవుడి మీదికి నెట్టడానికి నోరు రాలేదు.

దుర్గక్క ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటోంది. మమ్మల్ని చూసి లేచి, పుట్టి తోసుకుని వచ్చింది. పాత మాటలేవీ ఎత్తలేదు. నేను బోణిని బుట్టలో పెట్టి దించాను. ఆమె వాణ్ణి ఎత్తుకుని, కడుపు తడిమి, బొటనవేలితో పై పెదవి పైకి తీసి నాకు చూపించింది.

"దీని పండ్లు ఎప్పుడన్నా చూసినావా శెట్టమ్మా? ఇవి పెరుగన్నం తినే పండ్లా?"

చూడలేదు. ఏడు నెలలు నా చేత్తో ఆ నోరు తుడిచాను. ఆ నోట్లో సూదుల్లాంటి పళ్ళున్నాయని నాకు తెలుసు, వేలికి ఎన్నోసార్లు తగిలాయి. అవి అక్కడ ఎందుకున్నాయని మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

"చేపలుండాయా దుర్గక్కా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆమె నవ్వలేదు. అందుకు ఆమెకు ఈనాటికీ రుణపడి ఉన్నాను. బోణిని మళ్ళీ బుట్టలో పడుకోబెట్టి, పక్కన తామరాకులో ఐదారు చిన్న చేపలు పెట్టింది. "తల తుంచి పెట్టు. ముల్లు వాడే చూసుకుంటాడు" అంది. నేను తాడు లాగాను. ఆ బుట్టలో, నా మడి బుట్టలో, చేపలు పైకి వచ్చాయి.

అసహ్యం వేసింది. ఆ మాట దాచను. ఏకాదశి ఉపవాసం, ఖాళీ కడుపు, ఆ వాసన. ఒక చేప ఇంకా కదులుతోంది. కూరగాయలు తరిగే ఈలపీట ముందుకు లాక్కుని తల తెగ్గోశాను. చేతికి రక్తమైంది. చిన్న ముక్క తీసి బోణి మూతి దగ్గర పెట్టాను.

వాడి ముక్కు కదిలింది. కళ్ళు తెరిచాడు. తెరిచి, చేపను చూడలేదు, నా మొహం చూశాడు. చూసి, ఆ కదలలేని ఒంటితోనే తల వెనక్కి లాక్కుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

దెబ్బ కోసం.

ఆకలికి చచ్చిపోతూ, మూతి ముందు తిండి పెట్టుకుని, నేను కొడతానని కళ్ళు మూసుకున్నాడు వాడు. నేను ఏడ్చాను. మా అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఈలపీట కత్తికి వాడి మెడలోని దారం ఆనించి లాగాను. తులసిపూసలు తెగి చెక్కల మీద గలగలా దొర్లి, సందుల్లోంచి పడవ అడుగుకు పోయాయి. "తిను నాయనా. తప్పు నీది కాదు, నాది. తిను" అని ముక్క పళ్ళ మధ్య పెట్టాను. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత నమిలాడు. ఆ కరకర చప్పుడు విని మా ఆయన అటు తిరిగి చాప తాళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు సర్దాల్సిన తాళ్ళేమీ లేవు.

ఆరోజు నుంచి దుర్గక్క రోజూ పొద్దున వచ్చేది. బుట్టలో చేపలు పైకి, ఉప్పో బెల్లమో కిందికి. మా రాజలక్ష్మికి కబురు చేరి, ఇక ఆ పడవలో మంచినీళ్ళు కూడా తాగనని చెప్పి పంపింది. చూడ్డానికి వచ్చే జనం ఆగిపోయారు. "నీకు బాధగా ఉండాదా?" అని మా ఆయన అడిగాడు. చేపలు కోస్తున్నాను, తర్వాత మాట్లాడదాం అన్నాను. పది రోజులకు వాడు నిలబడ్డాడు. నెల కాకముందే ఒంటి మీద మెరుపు వచ్చింది, వక్క మళ్ళీ గాల్లోకి ఎగిరింది.

కానీ వేట మాత్రం లేదు. నేను కోసి పెడితే తింటాడు. నీళ్ళలో చేప కనబడితే మాత్రం ఆగి, తల ఎత్తి, నా కోసం చూస్తాడు.

"ఎన్నాళ్ళు నీ చేత్తో పెడతావు శెట్టమ్మా?" అంది దుర్గక్క. "వాడు పట్టుకోల్యాకపోతే, నువ్వు లేని దినం ఊరకే కూసోని సస్తాడు."

"ఎలా నేర్పాలి?"

"తల్లి అయితే బతికుండే చేపను నోట పట్టుకొచ్చి, పిల్ల ముందర ఇడుస్తాది. అది పారిపోతే పిల్ల వెంబడిస్తాది. అట్ల నేర్చుకుంటాయి."

ఒక మునిగిన పొలం గట్టు దగ్గర మోకాలి లోతు నీళ్ళున్న చోట పడవ ఆపించాను. దుర్గక్క ఇచ్చిన బతికున్న చేపలను బిందెలో వేసుకుని నీళ్ళలోకి దిగాను. బోణి నా చుట్టూ ఈదాడు. చేత్తో ఒక చేపను తీసి వాడి ముందు వదిలాను. నీళ్ళలోకి నా చెయ్యి దిగేసరికి వాడు దూరం జరిగాడు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మూడు చేపలూ పారిపోయాయి. వాడు చేప వైపు కాదు, నా చేతి వైపే చూస్తున్నాడు. గరిటె పట్టిన చెయ్యి అది.

బిందెలో ఒక్క చేపే మిగిలింది. దుర్గక్క పుట్టిలోంచి చూస్తోంది. మా ఆయన పడవ అంచున నిలబడి ఉన్నాడు. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను, వాడికి కనబడకుండా. వంగి, బిందెలో మూతి పెట్టి, ఆ చేపను పళ్ళతో పట్టుకున్నాను.

అది నా పెదవుల మధ్య కొట్టుకుంది. చల్లగా, జిగురుగా. నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని మొహం బోణి మొహం దగ్గరికి తెచ్చాను. వాడు నా కళ్ళలోకి చూశాడు, నా నోట్లో ఉన్నదాన్ని చూశాడు. మళ్ళీ నా కళ్ళలోకి చూశాడు. నేను నోరు తెరిచాను.

చేప పారిపోయింది. బోణి ఒక్క క్షణం ఆగి, దాని వెంట దూకాడు. ఎర్రటి నీళ్ళలో గీత ఒకటి దూరంగా పోయింది. చాలాసేపటికి గట్టు అవతల తల తేలింది. నోట్లో చేప ఉంది. ఆరోజు వాడు దాన్ని నా దగ్గరికి తేలేదు. అక్కడే గట్టు మీద కూర్చుని, నాకు వీపు పెట్టి తిన్నాడు. నేను పదిసార్లు నోరు పుక్కిలించాను. మా ఆయన చెయ్యి ఇచ్చి నన్ను పడవ మీదికి లాగి, "చల్లగా ఉండాదా?" అని మాత్రం అడిగాడు.

భాద్రపదంలో నీళ్ళు నిండి, కొండలు దీవులయ్యాయి. ఒక దీవి బండల మీద నీటికుక్కల గుంపు కనబడింది, ఐదో ఆరో. బోణి వాటిని చూసి పడవ అంచున నిలబడి ఈలలాంటి కూత ఒకటి వేశాడు. నేను ఎన్నడూ వినని కూత. వెళ్ళాడు, సాయంత్రానికి వచ్చాడు. తర్వాత రెండు రోజులకోసారి వచ్చాడు. తర్వాత రాలేదు. బుట్ట దించినప్పుడల్లా తాడు చప్పుడుకు వెనక్కి తిరిగి చూసేదాన్ని. బెల్లం బస్తా మీద వాడి వక్క ఉంటే తీసి నా పోపులపెట్టెలో దాచుకున్నాను. దుఃఖం ఉంది, కానీ అది తట్టుకోగలిగే దుఃఖం. వాడెక్కడో పట్టుకుని తింటున్నాడు కదా అనుకుంటే అన్నం దిగేది.

దసరా వెళ్ళిన మరుసటి వారం, పొద్దున తలస్నానం చేసి మడిచీర కట్టుకుని తులసి దగ్గర కూర్చున్నాను. కళ్ళు మూసుకుని ఉండగా ఒళ్ళో ఏదో బరువుగా పడింది. కళ్ళు తెరిచాను. జానెడు చేప, చీర కుచ్చిళ్ళ మధ్య కొట్టుకుంటోంది. చెక్కల మీద తడి అడుగులు. పడవ అంచు దగ్గర బోణి, బాగా పెరిగాడు, మెడ నిండుగా ఉంది. వెనక నీళ్ళలో ఇంకో తల కనబడీ కనబడకుండా తేలుతోంది. వాడు వెనక్కి జరిగి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

చెక్క గరిటె నా చేతి పక్కనే ఉంది. వాడూ దాన్ని చూశాడు.

నేను రెండు చేతులతో ఆ చేపను పట్టుకున్నాను. "మంచి చేప తెచ్చినావు నాయనా" అన్నాను. వాడు ఇంకాసేపు చూసి, ఒళ్ళు ఒకసారి విదిలించుకున్నాడు. నీళ్ళు నా మొహం మీద చిందాయి. తర్వాత నీళ్ళలోకి జారాడు. రెండు తలలూ దీవి వైపు పోయి కనబడకుండా అయ్యేదాకా ఆ చేపను ఒళ్ళోంచి తీయలేదు.

తర్వాత పూజ ఎక్కడ ఆగిందో అక్కడినుంచి చేశాను. ఆ పూట చీర మార్చుకోలేదు.